బీరువాలో సీసా

కాళ్లు తయారుచేసే జన్యువును తీసేసినా ల్యాబ్‌లో ఈగలకు ఆరు కాళ్లూ చక్కగానే వస్తున్నాయి. మేడమ్‌కు నమ్మకం కుదరలేదు. రీసెర్చ్ కుర్రాడు మామూలు ఈగల్ని సీసాల్లో కలిపేస్తున్నాడని ఆమె అనుమానం.

అందుకే అతను టీకి వెళ్లినప్పుడు, ఆ ఈగల పిల్లపురుగులున్న సీసా ఒకటి చల్లటి గదిలోంచి తెచ్చి, ఫ్రిజ్ వెనక భాగానికి ఆనుకుని ఉన్న తన బీరువాలో పెట్టి తాళం వేసింది. అతని చెయ్యి పడకపోతే అసలు రంగు అదే బయటపడుతుంది.

బయటపడనే పడింది. బీరువాలో పుట్టిన ఈగలన్నిటికీ కాళ్లు వంకరే.

“దొరికిపోయావు! చూడు,” అని మైక్రోస్కోపు అతని ముందుకు తోసింది.

అతను చూశాడు. లేచి వెళ్లి బీరువాకు అరచెయ్యి ఆనించాడు.

“ఫ్రిజ్ వేడంతా దీనికే తగులుతోంది మేడమ్! చల్లగా ఉన్నంతసేపూ ఇంకో జన్యువేదో మనం తీసేసినదాని పని కూడా నెట్టుకొస్తోంది. వేడెక్కేసరికి చేతులెత్తేసినట్టుంది. కాళ్లెలా వస్తున్నాయో తేలిపోయింది!”

మేడమ్ ముఖం వెలిగిపోయింది. అతని భుజం కూడా తట్టింది.

అతను ల్యాప్‌టాప్ తెరిచాడు.

“రీసెర్చ్ పేపర్లో ప్రయోగం ఎలా చేశామో రాయాలి కదా. చెప్పండి మేడమ్, సీసాను బీరువాలో పెట్టి తాళం ఎందుకు వేశామని రాయమంటారు?”