ఎవరి పూచీ

నారాయణ చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నాడు. ఆ ఇంట్లో చాట పట్టే ఆడమనిషి పోయి ఇరవై మూడేళ్లయింది.

లోపల కూతురు కాంత ఫోనులో మాట్లాడుతోంది. లక్ష్మీకాంతమ్మ అని ఆమెకు అవ్వ పేరు పెట్టారు. బెంగళూరు కంపెనీలో ఉద్యోగం. తల్లి పోయిన రోజుకని ఊరికొచ్చింది. పనీ వెంటే వచ్చింది.

"కుదరదు సార్. తెలిసిన కంపెనీయే కావచ్చు. నా కోడు రానీయదు."

ఫోను పెట్టేసి వచ్చి గోడకు ఆనుకుంది.

"ఎవుర్ని రానీనంటాండావు పాపా?" నారాయణ తలెత్తకుండా అడిగాడు.

"మనుషుల్ని కాదులే. ఒక కంప్యూటరు ఇంకోదాని తలుపు కొట్టేటప్పుడు సర్టిఫికెట్ చూపిస్తాది. దాంట్లో దాని పేరుంటాది, పూచీ పడినోళ్ల పేరుంటాది. ఇంకా పాలసీ అని ఒక వరస. ఏ షరతు మీద పూచీ పడినారు, అది ఏ పనికి చెల్లుతాది అని. ఆ వరస సదివే కోడు నేను రాస్తా."

"పేరూ పూచీ సరిపోతే సాలదా?"

"సాలదు. కొన్నిట్లో ఏ పనికైనా చెల్లుతాదని ఉంటాది. అట్లాటివి నేను తిప్పి పంపిస్తా. ఈ ఒక్కసారికి వదిలెయ్ అంటాడు మా సారు. లేకుంటే నీ పని ఇంకొకరికిస్తా అంటాడు. ఇచ్చుకోనీ." కాంత తలుపు గడియ వైపు చూసింది. "తెలిసినోడే కదా అని తలుపు తీస్తే ఏమయితాదో మన ఇంట్లో చూసినాం కదా."

నారాయణ వేళ్లు పప్పులో ఆగాయి. మళ్లీ కదిలాయి.

వేముల చుట్టుపక్కల ఊళ్లు పార్టీలుగా చీలి కొట్టుకు చస్తున్న రోజుల్లో ఈ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. తలుపు కొట్టినవాడు బయటి నుంచే పేరు చెప్పాలి, వచ్చిన పని చెప్పాలి. లోపలివాళ్లలో ఒకరు చూసి "మనోడే" అని పూచీ పడాలి. అప్పుడే గడియ తీయాలి. ఆ కట్టుబాటు పెట్టిందే నారాయణ.

పంచాయతీ ఎన్నికలకు ముందురోజు, మిట్టమధ్యాహ్నం, అదే నారాయణ గడియ తీశాడు. గుమ్మంలో సుబ్బయ్య. వరసకు నారాయణ భార్య నాగేంద్రమ్మకు తమ్ముడు. అతడు అవతలి పార్టీలో కలిసిన సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. వెనక నలుగురు, చేతుల్లో వేటకొడవళ్లు. వచ్చింది నారాయణ కోసం. అడ్డం పడింది నాగేంద్రమ్మ.

కాంతకు అప్పుడు మూడేళ్లు. ఆమెకు గుర్తున్నది ఒక్కటే, తన పిడికిట్లోని బెల్లంపాకపు బొరుగుండ.

కోర్టులో సుబ్బయ్య తరపు వకీలు అడిగాడు. "తలుపు తీయకముందు సుబ్బయ్యను ఎవరు గుర్తుపట్టారు? వాళ్లను సాక్ష్యానికి పిలిపించు." నారాయణ నోరు మెదపలేదు. ఎన్నిసార్లు అడిగినా అదే. ఆ ఒక్కటీ దాచినవాడి మిగతా సాక్ష్యమూ నమ్మలేమని కోర్టు కేసు కొట్టేసింది. పెళ్లాం చావును అమ్ముకున్నాడని ఊరంతా ఉమ్మేసింది. నాగేంద్రమ్మ చెల్లెలు రామసుబ్బమ్మ ప్రొద్దుటూరు నుంచి వచ్చి, పిల్లను చంకనేసుకుని పోయింది.

తలుపు చప్పుడైంది.

"నేనప్పా, సత్తార్‌ను. పాపను పులివెందుల బస్టాండుకు తీస్కపోను వచ్చినా."

ఆటో నడిపే అబ్దుల్ సత్తార్ ఇప్పటికీ పేరూ పనీ చెప్పిగానీ తలుపు తీయమనడు.

కాంత కిటికీలోంచి తొంగి చూసింది. "సత్తార్ మామే నాయనా, తీయ్."

నారాయణ చెయ్యి గడియ మీదనే ఆగిపోయింది.

"ఇంకా భయమేనా? ఇప్పుడెవరొస్తారు నీకోసం?" కాంత ఆయన్ను పక్కకు జరిపి తానే గడియ తీసింది.

సత్తార్ లోపలికొచ్చి చాట వైపు చూశాడు. "ఏమప్పో, చాట గూడా పట్టినావు. రేపు పొద్దున ముగ్గు నువ్వే పెడ్తావా?"

సత్తార్ సంచీ అందుకున్నాడు.

కాంత కదల్లేదు. "నాయనా, ఒక్కటి అడుగుతా. సుబ్బయ్య ఈపొద్దు జమ్మలమడుగులో కారుకు జెండా కట్టుకుని తిరుగుతాండాడు. నువ్వు కోర్టులో నోరు తెరిచింటే జైల్లో ఉండేటోడు. ఊరికంతా కట్టుబాటు చెప్పినోడివి. వాడు ఏ పని మీద వచ్చినాడో గూడా అడక్కుండా, ఎవరి పూచీ మీద తీసినావు?"

"పాపా, వద్దులేమ్మా. బస్సు పోతాది."

"నువ్వుండు మామా. చిన్నప్పట్నుంచి అడుగుతానే ఉండా. ఈపొద్దు చెప్తే చెప్పినట్టు. లేదంటే ఈ గడప మళ్లా తొక్కను. అమ్మతో పాటే నాయన గూడా పోయినాడనుకుంటా."

నారాయణ నోరు తెరిచాడు. ఇరవై మూడేళ్లుగా దాచుకున్నది నాలుక చివరిదాకా వచ్చింది. కూతురి ముఖం చూశాడు. అచ్చం నాగేంద్రమ్మ ముఖం.

ఆ మధ్యాహ్నం ఇదే కిటికీ ఊచలు పట్టుకుని గంతులేస్తూ "సుబ్బయ్య మామే నాయనా, తీయ్" అని మూడేళ్ల కాంత అన్న మాటను ఎప్పటిలాగే మింగేసి, నారాయణ కాళ్లకు చెప్పులు తొడుక్కుని, ఇల్లు దాటి వెళ్లిపోయాడు.