నూట పద్నాలుగో నంబరు జవాబుపత్రం

"మళ్లీ అదే రోత!"

పెన్ను ఎంత విసురుగా కొట్టేసిందంటే కాగితం చిరిగింది.

ఆఫీసులో అందరూ చాటుగా ఆయన్ని ఎర్రపెన్ను అంటారు. ఎదురుపడితే 'సార్'. పోస్టులో పాఠాలు పంపి ఇంగ్లిషు నేర్పే ఆ సంస్థలో ఇరవై రెండేళ్లుగా జవాబుపత్రాలు దిద్దుతున్నాడు.

పక్క బల్ల దగ్గర దిద్దుతున్న అమ్మాయి తలెత్తింది. ఆమెకి గలగల అని పేరు పెట్టింది ఆయనే.

"ఏమైంది సార్? ఇవాళ ఎవరు మీ ప్రాణం తీస్తున్నారు?"

"ఇంకెవరు, నూట పద్నాలుగు! 'ఐ డోంట్ నో వెన్ కెన్ ఐ లీవ్' అట. విడిగా ప్రశ్న అడిగితే 'వెన్ కెన్ ఐ'. అదే ఇంకో వాక్యం కడుపులో పెడితే 'వెన్ ఐ కెన్'. చిలక్కి చెప్పినట్టు చెప్పాం. ఒకసారి ఫెయిల్ చేశాను, రెండోసారి ఫెయిల్ చేశాను. అయినా ఇదే కంపు. ముద్దలో వెంట్రుక తగిలినట్టుంది నాకు."

ఏ పత్రం ఎవరిదో అక్కడ దిద్దేవాళ్లకి తెలియదు. పరీక్ష కంప్యూటర్ సెంటర్లో. అచ్చు తీసిన కాగితం మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. పేర్ల కవరు గుమాస్తా బీరువాలో ఉంటుంది. ప్యాసైతేనే దాన్ని చింపుతారు. ఒక్కొక్కరికి మూడే అవకాశాలు. ఇరవైకి పద్దెనిమిది రావాలి.

నూట పద్నాలుగుకి ఇది మూడోసారి.

గలగల ఆ కాగితం లాక్కుని గబగబా చూసింది. "సార్, ఈవిడ ఏం రాసిందో చదివారా?"

"చదవకుండానే దిద్దానా?"

"మాటల వరస కాదు సార్. సంగతి."

"సంగతితో మనకేం పని? పళ్ల డాక్టరు పన్ను చూస్తాడు గానీ నోరు ఏం వాగుతోందో వింటాడా?"

అంటూనే ఓ కాగితం మూల మడిచి పళ్ల సందులో కెలుక్కున్నాడు. వచ్చిందాన్ని ఓసారి తేరిపార చూసుకుని బల్ల అంచుకి తుడిచాడు. గలగల మొహం తిప్పుకుని చదవడం మొదలుపెట్టింది.

"ఇరవై సొంత వాక్యాలు రాయమన్నాం కదా. తెలుగులో చెబుతా వినండి. 'తిన్న కంచంలోనే ఎందుకు ఉమ్మాలో మా ఆయన ఎప్పుడూ చెప్పలేదు.' 'దాన్ని ఎవరు కడగాలో ఎప్పుడూ అడగలేదు.' 'కాలిగోళ్లు పక్కమీదే కత్తిరించుకుంటే నేనెక్కడ పడుకోవాలో నాకు అర్థం కాదు.' 'నేను ఏం చెప్పబోతానో పంతొమ్మిదేళ్లలో ఆయన ఒక్కసారీ వినలేదు.'"

ఎర్రపెన్ను మొహం చిట్లించాడు. "ఛీ ఛీ! కంచంలోనా? వాడు మనిషా, పశువా?"

"పశువు నయం సార్. ఇంకా ఉంది. 'ఆడపిల్లల హాస్టల్లో ఎవరు పనిచేయవచ్చో కనుక్కున్నాను.' 'అక్కడ నాకు ఏ గది ఇవ్వగలరో కూడా చెప్పారు.' 'సర్టిఫికెట్ చేతికి రాకపోతే ఎప్పుడు బయటపడగలనో తెలియదు.' ఇందాక మీరు చింపింది ఈ వాక్యమే."

ఆయన తప్పులు లెక్కపెట్టాడు. మూడు.

"పదిహేడు. ఫెయిలే."

"ఒక్క మార్కు సార్!"

"ఇరవై రెండేళ్లలో పెట్టిన కొట్టివేత వెనక్కి తీసుకోలేదమ్మాయ్."

"తీసుకోకండి. ఆవిడ ఇవాళ కూడా ఆ కంచమే కడుగుతుంది, రేపు కూడా. మనకేం పోయింది?"

ఆయన కళ్ల ముందు ఆ కంచం నిలబడింది. తేలుతున్న మెతుకులు. తెల్లగా నురగ. అందులో ముంచిన ఓ ఆడమనిషి చెయ్యి. తాగుతున్న టీ పక్కకి నెట్టేశాడు.

వాక్యం తప్పైతే దిద్దొచ్చు. వాణ్ణి ఎవడు దిద్దుతాడు? ఇలాంటి వెధవలకి అసలు పెళ్లాలెలా దొరుకుతారో!

పెన్ను మూత తీశాడు. కాగితం చిరిగిన చోట అడ్డగీతకి చిన్న కొక్కెం తగిలించి టిక్కు చేశాడు. పదిహేడు కొట్టేసి పద్దెనిమిది వేశాడు.

గలగల నోరు వెళ్లబెట్టింది. "మీకూ గుండె ఉందన్నమాట!"

"గుండె లేదు, గాడిదగుడ్డూ లేదు. కంపరం. వాడి పీడ వదిలి ఎక్కడో ఓ చోట బతకనీ ఆ మహాతల్లిని."

నాలుగింటికి గుమాస్తా సర్టిఫికెట్ టైపు చేసి తెచ్చాడు. ఎందుకో బల్ల దగ్గరే తచ్చాడాడు.

"సంతకం పెట్టేముందు ఓసారి చూసుకోండి సార్."

"ఏమిటయ్యా చూసేది? నా చేతిమీద ఎప్పుడైనా పొరపాటు జరిగిందా?" ఎర్రపెన్ను కింద సంతకం గీకేశాడు. "కొట్టు ముద్ర!"

గుమాస్తా ముద్ర కొట్టాడు. రిజిస్టరులో ఎక్కించాడు. ఇక దాన్ని డైరెక్టరు కూడా రద్దు చేయలేడు.

"ఏదీ, పైకి చదువమ్మాయ్. ఎవరో ఆ అదృష్టవంతురాలు!"

గలగల కాగితం అందుకుంది. కాగితాన్ని చూసింది, ఆయన్ని చూసింది, మళ్లీ కాగితాన్ని చూసింది.

"ఏం, టైపింగులో తప్పు పోయిందా?" అంటూ ఆయన కాగితం లాక్కున్నాడు.

ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు; 'భర్త పేరు' అన్న గీత మీద, ఇంటిపేరుతో సహా, ఆయన పేరే ఉంది.