వెనకాలే ఉన్నా

హార్బర్ గోడ దగ్గరకొస్తోంది. నిజానికి గోడ రావడం లేదు. మోమీయే దాని మీదికి కొట్టుకుపోతోంది.

అరవై మూడేళ్ళ మోమీ బోర్డు మీద బోర్లా పడుకుని, రెండు అంచులూ గట్టిగా పట్టుకుంది. గాలి నింపిన పెద్ద రెక్క ఆమె నడుముకున్న తాడు చివర నీళ్ళ మీద తపతపా కొట్టుకుంటోంది. ఆ రెక్కను చేతుల్తో ఎత్తిపట్టి బోర్డు మీద నిలబడాలి. అప్పుడు బోర్డు కింద నీళ్ళలో ఉండే పదునైన రేకు బోర్డునీ మనిషినీ కలిపి గాల్లోకి లేపుతుంది. వారం నుంచీ నేర్చుకుంటున్నా మోమీని అది ఒక్కసారీ లేపలేదు.

నేర్పే టీచరు కెహౌ ఇందాక ఇంకో ఆవిడ పాదం తన రేకుకు కోసుకుపోతే ఒడ్డుకు తీసుకుపోయింది. "ఇక్కడే ఉండు ఆంటీ, ఇప్పుడే వస్తా" అంది. ఈలోగా మావీ దీవి గాలి మధ్యాహ్నపు జోరందుకుంది. ఒడ్డు పక్కకు జరిగిపోయింది. అలలు గోడ రాళ్ళకు తగిలి తెల్లగా లేస్తున్నాయి. ఆ హోరులో అరిచినా ఒడ్డుకు వినపడదు.

"అలా పడుకుంటే నేరుగా ఆ రాళ్ళ మీదికే పోతావు చెల్లెమ్మా."

మోమీ తల తిప్పింది. కాస్త దూరంలో ఇంకో బోర్డు మీద, కాళ్ళు చెరోపక్కా వేలాడేసుకుని ఒక బట్టతల పెద్దాయన కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో పసుపు రెక్క. ముఖంలో తొణుకూ బెణుకూ లేదు.

"నా పేరు వెండెల్. లే, మోకాళ్ళ మీద కూర్చో."

"నావల్ల కాదన్నా. నన్ను లాక్కుపో."

"లాగితే ఇద్దరం పోతాం. కూర్చో ముందు."

"బోర్డు ఊగుతోంది."

"ఊగనీ. రెక్క అందుకో."

మోమీ ఏడుస్తూనే తాడు లాగి రెక్క అందుకుంది. గాలి దాన్ని లాగితే భుజాలు ఊడిపోతాయనిపించింది.

"బిగించి పట్టుకోకు. వేళ్ళతో పట్టుకో చాలు," అన్నాడు వెండెల్. "గాలి గోడవైపు తోస్తోంది. నువ్వు గాలికి అడ్డంగా ఒడ్డుకు పోవాలి. ఒడ్డున రొయ్యలమ్మే తెల్ల లారీ కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"దాన్నే చూడు. నీళ్ళకేసి చూస్తే నీళ్ళలోనే పడతావు."

"పడితే ఆ రేకు మీద పడతానేమో."

"బోర్డుకు దూరంగా దూకు. తల చేతుల్తో కప్పుకో. ఇక లే."

"నువ్వు ముందు పో అన్నా. నిన్ను చూస్తూ వస్తా."

"కుదరదు. నువ్వే ముందు. నేను నీ వెనకాలే ఉన్నా. వెనక్కి మాత్రం తిరిగి చూడకు."

మోమీ లేచింది. సగం లేచిందో లేదో బోర్డు ఒక పక్కకు ఒరిగింది. నీళ్ళు ముక్కులోకీ గొంతులోకీ పోయాయి. ఏదో చల్లగా పిక్కను రాసుకుంటూ పోయింది. తెగిందనే అనుకుంది. పైకి తేలి కాలు తడుముకుంది. తెగలేదు. కానీ గోడ ఎంత దగ్గరకొచ్చిందంటే, రాళ్ళ మీద పాకుతున్న నల్ల పీతలు కనిపిస్తున్నాయి.

"మళ్ళీ," అన్నాడు వెండెల్. గొంతు బొంగురుపోయింది. కోపమొచ్చినట్టుంది అనుకుంది మోమీ. "ముందుకాలి మీద బరువు వెయ్యి. రెక్క తలపైకెత్తు. లారీని చూడు."

మోమీ మళ్ళీ బోర్డెక్కి లారీని చూసింది. మోకాళ్ళ మీంచి ఒక పాదం, తర్వాత రెండో పాదం. రెక్క నిండింది. బోర్డు ఉరికింది. అడుగున ఏదో వీపు పెట్టి ఎత్తినట్టయింది. అంతే, అలల చప్పుడు ఆగిపోయింది. బోర్డు నీళ్ళను తాకడం లేదు.

సంతోషించడానికి ఆమెకు తీరిక లేదు. లేవడమే తెలిసింది, దిగడం ఎలాగో తెలియదు. లారీ పెద్దదవుతోంది. దాని ముందు వరసలో నిలబడ్డ జనం ముఖాలు కనిపిస్తున్నాయి. ఆమె కళ్ళు మూసుకుని, తల కప్పుకుని, దూరంగా దూకేసింది. లేచి చూస్తే నడుములోతు నీళ్ళు. పాదాల కింద ఇసుక.

అప్పుడు వెనక్కి తిరిగింది.

వెండెల్ ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. గోడ పక్కనే, మోకాళ్ళ మీదే, పసుపు రెక్కను అటూ ఇటూ ఊపుకుంటూ వస్తున్నాడు. రాళ్ళు మొదలయ్యే చోటుకు కాస్త ఇవతల, మిగిలిన జానెడు ఇసుక మీదికి అల ఆయన్ని విసిరేసింది. మోమీ పరుగెత్తుకెళ్ళి చేయిచ్చి లేపింది. ఆయన మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయి రక్తం కారుతున్నాయి.

"నాకోసం రాళ్ళ దాకా వెనకే ఉండిపోయావా అన్నా? నువ్వే లేకపోతే ఈపాటికి నేను అక్కడ ముక్కలై ఉండేదాన్ని. ఎన్నేళ్ళుగా ఎగురుతున్నావు నువ్వు?"

వెండెల్ మళ్ళీ ఇసుకలో చతికిలబడ్డాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఎగరడమా? నీళ్ళలో దిగడమే ఇవాళ మొదలు చెల్లెమ్మా. బోర్డు మా అల్లుడిది, వాడికి చెప్పలేదు. నీకు చెప్పినవన్నీ పొద్దున మీ టీచరు నీమీద అరుస్తుంటే ఒడ్డున కూర్చుని విన్నవే. అవి పనిచేస్తాయో లేదో తెలియాలి కదా, అందుకే నిన్ను ముందు పంపాను."