చన్నీళ్ల టిఫిను

ఓట్స్ నానబెడితే బంక, వేయిస్తే ఇసుక. గడియారాలు బాగుచేసే తమ్ముడు రెండూ అక్క చేత తినిపించి, ఆవిడ మొహంలోకి ఆశగా చూశాడు.

"ఏది బాగుందక్కా?"

"రెండూ మింగేశాను. ఇంకేం కావాలి?" అంది అక్క.

పాపం, అతని తొందర అతనిది. మొన్న మెట్ల మీద పై వాటాలో ఉండే డ్రాయింగ్ టీచరు ఎదురైంది. సెలవులు రాగానే వీపున సంచీ తగిలించుకుని కొండల్లో రోజుల తరబడి నడిచే మనిషి. ఆమె కనిపిస్తే ఇతనికి నోరు పెగలదు. నేలచూపులు చూస్తూ తప్పుకుంటాడు. ఆ రోజు ఆమే ఆగింది.

"ఆదివారం బయల్దేరుతున్నానండీ. పోయినసారి తోడు లేక పొద్దుటిపూట మరీ ఇబ్బందైంది. ఈసారి మిమ్మల్ని అడుగుదామనుకున్నా. వెళ్లేముందు వచ్చి తీసుకెళ్తాను, సరేనా?"

అతను తలూపాడు. ఆమె మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయాక కూడా ఊపుతూనే ఉన్నాడు. అప్పటినుంచీ అతని కాళ్లు నేలమీద ఆనడం లేదు.

తిండి భారం తన నెత్తినే వేసుకున్నాడు. ఇద్దరికీ సరిపోవాలి, సంచీ బరువెక్కకూడదు, వంట అనే మాటే వినపడకూడదు. మర్నాడు ధైర్యం చేసి, ఊరికే అడిగినట్టు, దారిలో ఏం తింటే హాయి అని ఆమెను అడిగాడు. కడగడానికి గిన్నె మిగలనిదేదైనా హాయే అందామె. ఇక అదే అతనికి వేదం. పొద్దుటికి చన్నీళ్లలో నానే ఓట్స్, పాలపొడి, ఎండుద్రాక్ష. మధ్యాహ్నం నడుస్తూనే కొరకడానికి రొట్టె. సాయంత్రానికి వేణ్ణీళ్లు పోసి మూతపెడితే సరిపోయే నూడుల్స్.

కొండగాలికి పొయ్యి మంట నిలుస్తుందో లేదో చూడాలి కదా. బాల్కనీలో చిన్న గ్యాసు పొయ్యి వెలిగించి, అట్టముక్కతో గట్టిగా విసరమని అక్కను కూర్చోబెట్టాడు. నూడుల్స్ ఉడకలేదు గానీ అక్క ఉడుక్కుంది.

"మన మేడ మెట్లెక్కితేనే ఆయాసపడతావు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట."

ఆ మాటతో పౌరుషం వచ్చి, సంచీనిండా నీళ్ల సీసాలు కుక్కి మెట్లు ఎక్కడం, దిగడం మొదలెట్టాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నావా నాయనా అని కింది వాటా తాతగారు అడిగారు. దుకాణంలో ఎవరో ఒకాయన తెచ్చిన గడియారానికి ఈల వేసుకుంటూ ముళ్లు తారుమారుగా బిగించాడు. ఆయన కోప్పడలేదు. ఈ మనిషి ఈల వేయడం ఆయన ఎన్నడూ వినలేదు మరి.

ఈల వెనక భయం కూడా ఉంది. ఈ ప్రయాణం చెయ్యిజారితే, ఆమె ముందు నిలబడి నాలుగు మాటలు మాట్లాడే ధైర్యం తనకు ఈ జన్మలో రాదని అతనికి తెలుసు. ఆ సంగతి అక్కకూ తెలుసు.

"సరిగ్గానే విన్నావురా?" అంది శనివారం సాయంత్రం.

"తోడు కావాలని నోరారా అడిగిందక్కా."

అక్క కొంగుతో కళ్లొత్తుకుని, నలిగిపోకుండా బిస్కెట్లను అతని చొక్కాల మధ్య సర్దింది. ఆవిడకు ఆ క్షణాన ఓట్స్ మీద కూడా ప్రేమ పుట్టింది.

ఆదివారం తెల్లవారుతూనే తలుపు చప్పుడైంది. కొత్త బూట్లతో, వీపున మనిషంత సంచీతో వెళ్లి తీశాడు. గుమ్మంలో ఆమె. అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. వెనక మురిసిపోతూ నిలబడ్డ అక్కనూ చూసింది.

"మీరెక్కడికండీ?"

"మీరే కదండీ, తోడు కావాలన్నారు..."

ఆమె చేతిలోని చిన్న స్టీలు డబ్బా మూత తీసి, మెల్లగా అంది: "కొండమీద రాత్రి పాలలోకండీ... ఒక్క చెంచాడు పెరుగు."