ఓడలో వంటావిడ

"ఆ వంటావిడని గాలికొదిలేశాడని కూడా రాయి!" రొయ్యలు ఒలుస్తూ బేబి కోడలి మీద కేకేసింది.

ఆదివారం లైబ్రరీలో చదవాల్సిన నవలా పరిచయాన్ని ఆశాజ్యోతి అప్పుడే అత్తగారికి వినిపించింది. సన్నక్షరాలు ఆనని బేబికి నెల రోజులుగా మధ్యాహ్నం పూట ఆ అంతరిక్ష నవల చదివిపెట్టిందీ ఆమే.

"కెప్టెన్ గురించి రెండు పేజీలు రాశావు. ఓడలో మూడొందల మందికి వండిపెట్టిన మనిషి ఊసే లేదేంటి?"

"ఆవిడ పెద్ద పాత్రేం కాదండీ అత్తయ్యా."

"కాదా? నక్షత్రం పేలిన రోజు కూడా గంజి కాచింది. ఆ తర్వాత బతికిందో చచ్చిందో ఒక్క ముక్క లేదు! ఆ రాసినోడు ఒక్కపూటన్నా పొయ్యి దగ్గర నిలబడ్డాడా? రాజమండ్రి బేబి అడిగిందని నా పేరు పెట్టే రాయి."

ఆశాజ్యోతి పెన్ను మూత తీసింది గానీ కాగితం మీద పెట్టలేకపోయింది. నవలలో యుద్ధం ఏమవుతుందోనన్న తొందరలో, వంటగదిలో జరిగే రెండు అధ్యాయాలూ చదవకుండా తిప్పేసింది తను.

"రాశాడండీ అత్తయ్యా," అంది మెల్లగా. "నేనే మీకు చదవలేదు. ఏముందిలే వంటగదేగా అని వదిలేశాను."

బేబి చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది.

"ఎవడో మగాడు, తెలీక వదిలేశాడనుకున్నాను. నువ్వా?"

ఈసారి ఆమె కేకెయ్యలేదు. రొయ్యల గిన్నె పక్కకి నెట్టి, చేతులు కడుక్కొచ్చి కోడలి ఎదురుగా కూర్చుంది.

"చదువు," అంది.