పెద్ద కాయిల్

ఐలేష్ బల్ల మీద మెటల్ డిటెక్టర్ కాయిళ్లు మూడు పరిచాడు. ఒకటి అరచేయంత. ఒకటి అన్నం పళ్లెమంత. మూడోది, తానే రాగి తీగ చుట్టి తయారు చేసుకున్నది, తాంబాళమంత.

"ఏది గావాలె భాయ్?"

ఎదురుగా నిలబడ్డ నూరుద్దీన్ మేకల బేరగాడు. ఇబ్రహీంపట్నం వచ్చినప్పుడల్లా ఐలేష్ మోటారు వైండింగ్ దుకాణం ముందు కూర్చుని చాయ్ తాగిపోయేవాడు. మెటల్ డిటెక్టర్ సంగతి ఎన్నడూ ఎత్తినవాడు కాదు. ఈ రోజు దానికోసమే వచ్చాడు.

ఆ యంత్రం పేరెత్తితే అంతా ఐలేష్‌ని చూసి నవ్వేవాళ్లే. వాగు ఇసుకలో బంగారు రేణువులున్నాయని ఎవరో చెబితే నమ్మి, పాత డిటెక్టర్ ఒకటి కొన్నాడు. రెండు ఎండాకాలాలు వాగు వెంట తిరిగాడు. దొరికినవి మేకులు, సీసా మూతలు, విరిగిన కొడవలి. మరమ్మతుకొచ్చిన మోటార్లు దుకాణంలోనే తుప్పు పట్టాయి. గిరాకీ పక్క దుకాణానికి మళ్లింది. భార్య సింధు మొదట్లో కొట్లాడింది. తర్వాత ఏడ్చింది. ఇప్పుడు ఆ యంత్రం ఇంట్లో లేనట్టే దాన్ని దాటుకుంటూ పనులు చేసుకుంటోంది.

చిన్న కాయిల్ గింజంత ముక్కను కూడా పసిగడుతుంది కానీ లోతుకు పోదనీ, పెద్దది లోతుకు పోతుంది కానీ చిన్నవాటిని వదిలేస్తుందనీ ఐలేష్ విడమరిచి చెప్పాడు. బంగారానికైతే చిన్నదే మేలన్నాడు.

నూరుద్దీన్ తల అడ్డంగా ఊపాడు.

"రేణువులు గాదు తమ్మీ. ఒక్కటే ఉన్నది. మూరెడుకు జర తక్కువ పొడుగు."

 మూరెడు బంగారు కడ్డీ అనుకున్నాడు ఐలేష్. గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు చూసినవా?"

"ఫొటోల చూసిన."

"లోపల ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన. నా చేతులతోటి."

"మరి జాగ తెల్వదా?"

అప్పట్లో రాళ్లు పేర్చి గుర్తు పెట్టుకున్నాననీ, ప్లాట్ల వెంచరు వాళ్లు డోజరు పెట్టి చదును చేయడంతో రాళ్లూ వేపచెట్లూ అన్నీ లేచిపోయాయనీ నూరుద్దీన్ చెప్పాడు. పై మట్టి చెక్కి ఎత్తుకుపోయారు కాబట్టి ఇప్పుడు అంత లోతు ఉండదన్నాడు. ఇంట్లో భార్య షహజాదీ మంచం పట్టిందనీ, ఆమె కన్ను మూసేలోపు అదెక్కడుందో ఒక్కసారి చూపించాలనీ అన్నాడు. ఇనుముకు కూడా మోగేలా పెట్టమన్నాడు. నేలలో బంగారమంటూ దొరికితే అంతా నువ్వే తీసుకో, నాకొద్దన్నాడు.

ఐలేష్ నమ్మలేదు. బంగారం వద్దనేవాడు ఎక్కడైనా ఉంటాడా? కడ్డీని ఇనప పెట్టెలో దాచి ఉంటాడనుకున్నాడు. పెద్ద కాయిల్ బిగించాడు.

ఆదివారం పనివాళ్లు ఉండరు. మధ్యాహ్నం ఇద్దరూ బండి మీద యాచారం తోవ పట్టారు. వెంచరు నేలంతా సున్నం గీతలు, ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు. నూరుద్దీన్ అంచునే చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. ఎండకు నేల పెనంలా కాలుతోంది. ఈ మనిషికి పిచ్చి పట్టిందా అనుకున్నాడు ఐలేష్.

వేపచెట్టు ఇక్కడుండె అన్నాడు నూరుద్దీన్. కాదు కాదు, అక్కడన్నాడు. గుట్టకు వీపు పెట్టి నిలబడి అంచనా వేయబోయాడు. కానీ గుట్టే సగం లేదు. ఐలేష్ గీత వెంట గీతగా యంత్రాన్ని తిప్పుతూ పోయాడు. ఒకచోట డోజరు పన్ను దొరికింది. ఒకచోట తీగల చుట్ట. పొద్దు వాలింది. భుజాలు లాగేస్తున్నాయి. ఇదీ వాగు లాంటిదే, ఇక ఇంటికి పోయి యంత్రాన్ని తూకానికి అమ్మేయాలని ఐలేష్ తీర్మానించుకున్నాడు. నూరుద్దీన్ మాత్రం ముందు నడుస్తూనే ఉన్నాడు.  ముఖంలో ఆశ లేదు.

రెండు సున్నం గీతల మధ్య యంత్రం మోగింది.

మేకు మోత కాదది. మందంగా, నిలకడగా, సాగదీసినట్టుగా ఉంది. ఐలేష్ అటూ ఇటూ తిప్పి చూశాడు. మోత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో కాలివేలితో గీసి చూసుకున్నాడు. మూరెడుకు కాస్త తక్కువ.

 సింధు కళ్ల ముందు మెదిలింది. నవ్విన వాళ్లంతా మెదిలారు. రెండు గీతల మధ్య రోడ్డు వస్తుంది. పక్కనే మొరం కుప్పలు సిద్ధంగా ఉన్నాయి. రేపటికి ఈ చోటు మొరం కింద పడిపోతుంది. తవ్వితే ఇప్పుడే తవ్వాలి. ఐలేష్ గడ్డపార ఎత్తాడు.

నూరుద్దీన్ రెండు చేతులా దాన్ని పట్టుకున్నాడు. పట్టుకునే కిందికి కూలబడ్డాడు. ఒక అరచేయి మట్టి మీద ఆనించాడు.

ఐలేష్‌కి కడుపు మండిపోయింది. మనిషి బుద్ధి ఇప్పుడు బయటపడిందనుకున్నాడు. తనను పంపించేసి, మళ్లీ ఒక్కడే వచ్చి తవ్వుకుంటాడన్నమాట.

"అంత నాదే అంటివి గద భాయ్. ఇప్పుడు ఆపుతున్నవేంది?"

నూరుద్దీన్ తలెత్తలేదు. మట్టి మీది చేయి తీయలేదు.

"తవ్వకు తమ్మీ, మా కొడుకు బిలాల్‌ను బొందవెట్టిన ఖబర్ గిది, మల్ల నడుస్తడని దవాఖానోళ్లు వాని తొడల ఏసిన రాడే నీకు మోగుతున్నది."