జాతర పాట

మునికుమార్ కర్ర రెండోసారి తగిలేసరికి అనూప్ నొసలు చిట్లి నెత్తురు చిమ్మింది.

“నా ఇంట్లో కూసోని అమ్మోరిని బూతులు పాడతాడా వీడు!”

కూతురు కోమలి అడ్డం పడింది. తన కేరళ క్లాస్‌మేట్ అనూప్ చేత వాళ్లూరి జాతర పాట పాడించి, నాయనకు తెలుగులో అర్థం చెప్పింది ఆమే.

“తులనాత్మక సాహిత్యమని చదివిస్తే నువ్వు నేర్సింది ఇదా?”

“పొద్దున గంగజాతరలో బండవేషం కట్టి, అమ్మోరి ముందర నువ్వు తిట్టిన తిట్లేంది నాయనా?”

“అది మొక్కు! చిన్నప్పుడు నీ ప్రాణం నిలిస్తే సాలని మొక్కుకున్నా!”

“ఇదీ మొక్కే. ఇతను బతికినందుకు వాళ్ల నాయన ఏటేటా పాడే పాట.”

ఎత్తిన కర్ర ఆగిపోయింది. మునికుమార్ బండవేషానికి ఒంటికి పూసుకున్న కుంకుమ చెమటకు కారుతా ఉండాది. ఎదురుగా పిల్లోడి మొహమూ అంతే ఎర్రగా ఉండాది.

కర్ర పారేసి, తుండుగుడ్డతో ఆ నొసలు అదిమి పట్టినాడు.

“వాళ్ల అమ్మోరి పేరేందో అడుగు పాపా.”